ఊడిరాని స్పార్క్ ప్లగ్గుతో కారు అమ్మాలి: కొనేవారికి చెప్పాలా, బాగు చేయించాలా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు), సోమవారం రాత్రి 9.20

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాకు 2013లో కొన్న పెట్రోల్ కారు ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజను, 91 వేల కిలోమీటర్లు తిరిగింది, ఏపీ 21 నంబరు. మొదటి నుంచి నా పేరు మీదే ఉంది. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చి అమ్మకానికి పెట్టాను. ఆదోని నుంచి ఒక ఉపాధ్యాయుడు ఫోనులో మాట్లాడారు. 2,30,000కు ఒప్పుకున్నారు. ఆదివారం వచ్చి బండి చూస్తామన్నారు.

ఇచ్చే ముందు శుభ్రంగా సర్వీసు చేయించి ఇద్దామని నంద్యాల చెక్‌పోస్టు దగ్గర తెలిసిన మెకానిక్ వద్దకు తీసుకెళ్లాను. ఆయిల్ మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. పెట్రోలుకు నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్గులు విప్పుతుంటే ఒకటి, రెండు, నాలుగు సులువుగా వచ్చాయి. మూడోది పావు చుట్టు తిరిగి కీచుమని అరిచింది. పక్కనే నిలబడ్డ నాకు పళ్లు జివ్వుమన్నాయి. మెకానిక్ వెంటనే పానా మీద నుంచి చెయ్యి తీసేశాడు. ‘ఇంకా తిప్పితే రంధ్రం లోపలి మర పోతుంది సార్, లేకపోతే ప్లగ్గు లోపలే విరుగుతుంది’ అని మళ్లీ వెనక్కి తిప్పి బిగించేశాడు. విరిగితే హెడ్డు, అంటే ప్లగ్గులు బిగించి ఉండే ఇంజను పై భాగం, దించాలని, అన్నీ కలిపి 14 వేల దాకా అవుతుందని చెప్పాడు.

బండి బాగానే నడుస్తోంది. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం కొంచెం వణుకుతుంది. ఇప్పుడు నేనేం చేయాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మాలా? ముందు బాగు చేయించాలా? రెండు రాత్రులుగా ఇదే ఆలోచన.

చేతులు మారిన బండ్లు (నంద్యాల), సోమవారం రాత్రి 9.48

సార్, నేను పదిహేనేళ్లుగా పాత బండ్ల వ్యాపారంలో ఉన్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్లగ్గు అనేది అరిగిపోయే వస్తువు, టైర్ల లాగా, బ్రేక్ ప్యాడ్ల లాగా. పన్నెండేళ్లు దాటిన బండి కొనేవాడు తన మెకానిక్‌ను తెచ్చుకుని చూసుకోవాలి. ఆయన అడిగితే అబద్ధం చెప్పకండి. అడగకపోతే మీరుగా ఎత్తుకోవాల్సిన పని లేదు. ఈ ఒక్క మాటతో 2,30,000 బేరం 1,90,000కు దిగిపోతుంది. అమ్మాయి ఫీజు గురించి మీరే రాశారు, దాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

గడియార స్తంభం (అనంతపురం), సోమవారం రాత్రి 10.05

అడగకపోతే చెప్పనక్కర్లేదన్న మాటను నేను ఒప్పుకోను. టైరు అరుగుదల వంగి చూస్తే కనిపిస్తుంది. ప్లగ్గు ఇరుక్కుందన్న సంగతి విప్పబోతే తప్ప ఎవరికీ తెలియదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ లోకంలో ఇద్దరే, ఈయనా ఆ మెకానికూ. అలాంటప్పుడు ఆదోని నుంచి వచ్చే ఆయన ఏమని అడుగుతారు?

పాత రెంచి (అనంతపురం), సోమవారం రాత్రి 10.31

నేను మెకానిక్‌ను. 22 ఏళ్లుగా ఇదే పని. అమ్మకం సంగతి తర్వాత, ముందు బండి సంగతి తేలాలి. హంద్రీ ఒడ్డు గారూ, మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి.

మూడో ప్లగ్గు మీద కూర్చుని దానికి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ తీసినప్పుడు దాని రబ్బరు గొట్టం కింద తుప్పు మరక కనిపించిందా, ఆయిల్ కనిపించిందా? ప్లగ్గులు చివరిసారి ఎప్పుడు మార్చారు? ఇంజను వేడిగా ఉన్నప్పుడు విప్పారా, చల్లారాక విప్పారా?

మీ మెకానిక్ ఆపేశాడు చూడండి, అతను పని తెలిసినవాడు. అరుపు వినగానే చెయ్యి తీసేవాళ్లు తక్కువ. ఇంకో షాపుకు తీసుకెళ్లి గాలి గన్నుతో కొట్టించకండి, దండం పెట్టి చెబుతున్నాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు), మంగళవారం ఉదయం 6.50

పాత రెంచి గారూ, నిన్న రాత్రి మెకానిక్‌కు ఫోను చేసి కనుక్కున్నాను. కాయిల్ గొట్టం చివర ఎర్రటి తుప్పు మరక ఉందట. ప్లగ్గు కూర్చునే గుంతలో అడుగున తెల్లటి పొడి కూడా కనిపించిందట. ఆయిల్ లేదు. ప్లగ్గులు చివరిసారి 2018లో మార్చాం, అంటే దాదాపు 50 వేల కిలోమీటర్ల కిందట. విప్పినప్పుడు ఇంజను బాగా వేడిగా ఉంది, అప్పుడే ఆయిల్ మార్చాడు కదా.

ఒక విషయం ఒప్పుకోవాలి. వాటర్ సర్వీస్‌కు ఇచ్చినప్పుడల్లా బానెట్ తెరిపించి ఇంజను మీద కూడా నీళ్లు గట్టిగా కొట్టించేవాడిని. మా వైపు ఎర్రదుమ్ము ఎక్కువ, ఇంజను తళతళలాడాలని నాకు కోరిక. దానివల్లే ఇలా జరిగిందా?

పాత రెంచి (అనంతపురం), మంగళవారం మధ్యాహ్నం 1.15

అవును, దానివల్లే అయ్యే అవకాశం ఎక్కువ. బాధపడకండి, నా దగ్గరకు వచ్చే బండ్లలో సగం మంది ఇదే చేస్తారు.

జరిగేది ఇది. హెడ్డు అల్యూమినియంది, ప్లగ్గు ఒళ్లు ఉక్కుది. ప్లగ్గు గుంతలోకి దిగిన నీరు బయటికి పోయే దారి ఉండదు, అక్కడే నిలుస్తుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య తడి చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. మీ మెకానిక్ చూసిన తెల్లపొడి అదే. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి మరల సందుల్లో మేకు దిగ్గొట్టినట్టు పట్టేస్తుంది. కింది వైపు సిలిండర్ లోపలి నుంచి మసి చేరుతుంది. పైన తుప్పు, కింద మసి. మామూలు ప్లగ్గులను 30, 40 వేల కిలోమీటర్లకు మార్చాలి. లక్ష దాకా ఆగేవి ఇరిడియం ప్లగ్గులు. మీరు వేయించినవి మామూలువే అయి ఉంటాయి.

వణుకు గురించి. ప్లగ్గు కొన అరిగి సందు పెరిగితే ఏసీ భారం పడినప్పుడు ఆ సిలిండర్‌లో పెట్రోలు అంటుకోక అప్పుడప్పుడు మిస్ అవుతుంది. ఇంజను లోపాల కోడ్ చదివే స్కానర్ పెట్టించండి. పి 0303 అని వస్తే మూడో సిలిండరే. ఎక్కువ రోజులు మిస్సింగ్‌తో నడిపితే కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. అది పోతే ప్లగ్గు ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు. కాబట్టి ‘బాగానే నడుస్తోంది’ అని మీకు మీరు సర్ది చెప్పుకోవద్దు.

తీసే పద్ధతి చెబుతాను. ముందు కంప్రెసర్ గాలితో గుంతను ఊదాలి, లేకపోతే ఆ పొడి అంతా సిలిండర్‌లో పడుతుంది. తర్వాత తుప్పు వదిలించే స్ప్రే ప్లగ్గు మొదట్లో నాలుగు చుక్కలు పడేలా కొట్టి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు పానాను చేత్తో నిదానంగా, కుదుపు లేకుండా తిప్పాలి. ఎనిమిదో వంతు చుట్టు వదులు, మళ్లీ బిగింపు, మళ్లీ వదులు. అరుపు వినిపిస్తే ఆగి మళ్లీ స్ప్రే. ఒక్కోసారి మూడు రోజులు పడుతుంది. తొందరపడ్డ మెకానిక్ చేతిలోనే ప్లగ్గు విరుగుతుంది.

లేతు మిషను (ప్రొద్దుటూరు), మంగళవారం సాయంత్రం 6.02

పాత రెంచి అన్నా, ఒక్క చోట నా మాట కూడా వినాలి. మేం హెడ్డులకు మరలు పోసే పని చేస్తాం. మా దగ్గరకు వచ్చే హెడ్డుల్లో ఎక్కువ భాగం వేడి ఇంజనులో ప్లగ్గు లాగి పాడు చేసినవే. వేడి మీద అల్యూమినియం మెత్తగా ఉంటుంది, ఉక్కు మర దాన్ని చీల్చుకుంటూ వస్తుంది. ప్లగ్గు కంపెనీలు కూడా ఇంజను చల్లారాకే విప్పమని చెబుతాయి. నువ్వు ఆ సంగతి చెప్పలేదు.

పాత రెంచి (అనంతపురం), మంగళవారం రాత్రి 8.40

తమ్ముడూ, మంచి మాట గుర్తు చేశావు. మామూలుగా విప్పేటప్పుడు చల్లని ఇంజనే, అందులో నాకు రెండో మాట లేదు. ఇరుక్కున్న ప్లగ్గుకు మాత్రం నేను గోరువెచ్చని ఇంజను వాడతాను. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం వెంట్రుకవాసి వదులవుతుంది. హెడ్డు మీద అరచెయ్యి ఆనించి హాయిగా ఉంచగలగాలి, అదే నా కొలత. చెయ్యి చురుక్కుమంటే ఆగాలి. వాళ్లు విప్పింది కాగే ఆయిల్ వంచిన వెంటనే కదా, అది తప్పే.

లేతు మిషను (ప్రొద్దుటూరు), మంగళవారం రాత్రి 9.10

అరచెయ్యి ఆనేంత వెచ్చదనం అయితే నాకూ సమ్మతమే అన్నా.

ఇంకో సంగతి. ఈ కష్టం మన దగ్గరే ఉందనుకోవద్దు. అమెరికాలో ఫోర్డ్ 2004 నుంచి 2008 వరకు ఎఫ్-150 బండ్లలో వాడిన 5.4 లీటర్ల ట్రైటన్ ఇంజనులో ప్లగ్గు ఒళ్లు రెండు ముక్కలుగా చేసి అతికించి ఉండేది. కింది గొట్టం చుట్టూ మసి పట్టి, తిప్పితే పై ముక్క చేతికి వచ్చేది, కింది ముక్క హెడ్డులో ఉండిపోయేది. చివరికి ఆ కంపెనీయే మెకానిక్‌లకు సూచన పంపింది. కొంచెం వదులు చేసి, కార్బ్యురేటర్ క్లీనర్ పోసి, నానాకే తిప్పమని. అన్న చెప్పిన పద్ధతీ అదే.

మర పోయినా భయపడనక్కర్లేదు. పాత మరను కొంచెం పెద్దగా తొలిచి, కొత్త మర కోసి, అందులో ఉక్కు తీగచుట్ట గానీ బుష్ గానీ కూర్చోబెడతారు. హెలికాయిల్ అంటారు. సరిగ్గా వేస్తే పాత అల్యూమినియం మర కంటే గట్టిగా ఉంటుంది. హెడ్డు దించకుండా వేసేటప్పుడు కోసే పనిముట్టుకు గ్రీజు దట్టంగా పూస్తే రజను దానికి అంటుకుని పైకి వస్తుంది. అడ్డదారిలో అతికించేవాళ్ల దగ్గరకు మాత్రం పోవద్దు.

ఏడు రోడ్లు (కడప), బుధవారం ఉదయం 11.25

అతికించేవాళ్లు అన్న మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. నేను మెకానిక్‌ను కాదు, ఇద్దరు పిల్లల తల్లిని.

నాలుగేళ్ల కిందట మేం ఒక పాత కారు కొన్నాం. అమ్మిన మనిషి చాలా మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడు. ‘బండికి ఒక్క రూపాయి పని లేదమ్మా’ అన్నాడు. రెండు నెలలు బాగానే తిరిగింది. మే నెలలో రాయచోటిలో పెళ్లికి బయలుదేరాం. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే బానెట్ కింద తుపాకీ పేలినట్టు పెద్ద శబ్దం. ఆ వెంటనే టపటపమని కొట్టుకోవడం, బండి బలం పోవడం. వెనక లారీ. మలుపు మీద ఉన్నాం. మా ఆయన ఎలాగో ఎడమ పక్కకు తీసి ఆపారు. నేను చిన్నవాడిని చంకనేసుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని దిగి గోడ పక్కన నిలబడ్డాను. కాళ్లు వణికిపోయాయి.

వెనక లారీ డ్రైవరు ఆపి దిగి వచ్చాడు. బానెట్ ఎత్తి చూపించాడు. ఒక ప్లగ్గు రంధ్రంలో నుంచి ఎగిరిపోయి, పైన ఉన్న కాయిల్‌ను చీల్చేసింది. తర్వాత షెడ్డులో తెలిసిందేమిటంటే, ఆ రంధ్రంలో మర ఎప్పుడో పోయింది. లోహం అతికించే బంకతో ప్లగ్గును నిలబెట్టి మాకు అమ్మారు. ప్లగ్గు అంచున ఆ బూడిదరంగు బంక ఇంకా గట్టిగా పట్టుకుని ఉంది, నా గోటితో గీకి చూశాను.

అమ్మినాయనకు ఫోను చేస్తే ‘నాకేం తెలుసు, మీరు చూసుకునే కొన్నారు కదా’ అన్నాడు. డబ్బు పోయినందుకు నాకు అంత బాధ లేదు. పిల్లలను ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతామని తెలిసీ చెప్పలేదు. పెళ్లికి వెళ్తామని ఆయన దగ్గరే అన్నాం.

హంద్రీ ఒడ్డు అన్నా, మీది బంకతో అతికించిన ప్లగ్గు కాదు, గట్టిగా పట్టుకున్న ప్లగ్గు, నాకు ఆ తేడా తెలుసు. అయినా కొనే మనిషికి చెప్పండి. రేపు ఆయన మెకానిక్ తెలియక బలంగా లాగి, మర పోగొట్టి, బంక పెట్టి పంపితే అదే ఘాట్ మీద ఇంకెవరో ఉంటారు.

చేతులు మారిన బండ్లు (నంద్యాల), బుధవారం మధ్యాహ్నం 2.30

అక్కా, మీకు జరిగింది చదివి మనసు కలత పడింది. అలా అతికించి అమ్మడం మోసం, దాన్ని ఏ వ్యాపారీ సమర్థించడు. నేను చెప్పింది వేరు, దాచి అతికించమని నేను అనలేదు.

ఒక సంగతి మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ప్లగ్గు టైరు లాంటిదన్నాను. గడియార స్తంభం గారు చెప్పినట్టు, విప్పితే తప్ప కనిపించని లోపం టైరు లాంటిది కాదు. చెప్పి అమ్మడమే మేలు. ధర విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. లోపం చెప్పగానే కొనేవాడు 40 వేలు తగ్గించమంటాడు. అక్కడ ఒప్పుకోవద్దు.

వేరుశనగ చేను (పత్తికొండ), బుధవారం సాయంత్రం 7.15

కొనేవాడి వైపు నుంచి చెబుతాను. నేను ఎద్దులు కొన్నా, ట్రాక్టరు కొన్నా, కారు కొన్నా ఒకటే చూస్తాను. అమ్మేవాడు తనంతట తాను ఒక లోపం చెబితే మిగతా మాటలు కూడా నమ్ముతాను. ఏ లోపమూ లేదంటే అన్నీ అనుమానిస్తాను. సంతలో ఎద్దు ఎడమ కాలు కొంచెం ఎగరేస్తుందని చెప్పిన రైతు దగ్గరే మా నాన్న కొన్నారు. అది పదకొండేళ్లు మా చేను దున్నింది.

ధర సంగతి. హెడ్డు దిగితే 14 వేలు అన్నారు. సులువుగా వస్తే స్ప్రే ఖర్చు, కూలి, కొత్త ప్లగ్గు, మహా అయితే 1,500. రెంటి మధ్య ఎక్కడో తెగాలి. నేనైతే 10 వేలు తగ్గిస్తే కళ్లకద్దుకుని తీసుకుంటాను. ఎందుకంటే తిరగని ఆ ఒక్క ప్లగ్గు తప్ప మిగతా భాగాలన్నీ మీరు చూసుకున్నారని నాకు తెలిసిపోయింది.

నల్లకోటు (కర్నూలు), బుధవారం రాత్రి 9.55

న్యాయవాదిగా రెండు మాటలు. పాత బండ్ల కేసులు చూశాను, చాలావరకు తగాదాలు కాగితం లేకపోవడం వల్లే వస్తాయి.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ మోసం అంటే ఏమిటో చెబుతుంది. తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని కప్పిపెట్టడం మోసం కిందికి వస్తుంది. ఊరికే మౌనంగా ఉండటం మామూలుగా మోసం కాదు, చెప్పాల్సిన బాధ్యత ఉన్నప్పుడు తప్ప. మోసంతో చేయించుకున్న ఒప్పందాన్ని మోసపోయినవాడు రద్దు చేసుకోవచ్చు, అది 19వ సెక్షన్. కడప సోదరి విషయంలో బంక పెట్టడం, ఒక్క రూపాయి పని లేదనడం రెండూ 17వ సెక్షన్‌లో కూర్చుంటాయి. హంద్రీ ఒడ్డు గారు చెప్పకుండా అమ్మితే, చట్టంలో వాదనకు చోటు ఉంటుంది. కొన్నవాడు మామూలు జాగ్రత్తతో కనుక్కోగలిగేవాడు కదా అని అమ్మినవాడు అంటాడు, విప్పితేనే తెలిసేది ఎలా కనుక్కుంటానని కొన్నవాడు అంటాడు. ఆ వాదన కోసం ఇద్దరూ కోర్టు చుట్టూ ఎన్నేళ్లు తిరగాలి? చెప్పి సంతకం తీసుకుంటే ఒక కాగితంతో అయిపోతుంది.

‘బండి ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను’ అన్న ఒక్క వాక్యం చాలదు. లోపాన్ని పేరు పెట్టి రాయండి. మూడో సిలిండర్ స్పార్క్ ప్లగ్గు విప్పడానికి రాలేదు, ఫలానా తేదీన మెకానిక్ ప్రయత్నించాడు, విప్పేటప్పుడు విరిగితే హెడ్డు దించాల్సి రావచ్చు, ఈ సంగతి తెలిసి ఇంత తగ్గించి కొన్నాను అని కొనేవారు సంతకం చేయాలి. తేదీతో పాటు బండి అప్పగించిన గంట కూడా రాయండి. ఆ తర్వాత జరిగే చలానాకు, ప్రమాదానికి అది అవసరం.

ఇంకా పెద్ద సంగతి ఆర్‌సీ. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30. అప్పు తీసుకుని కొన్న బండి అయితే ఫారం 35, బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం కూడా కావాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లోపు, కొన్నవారు 30 రోజుల్లోపు రవాణా అధికారికి తెలియజేయాలి. ‘సంతకాలు పెట్టి ఇచ్చేశాను, నాకేం సంబంధం’ అనే మాట చెల్లదు. 2018లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో, బండి ఎన్ని చేతులు మారినా ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని తేల్చింది. కొన్నవారు బీమా కూడా తమ పేరుకు మార్చుకోవాలి, 14 రోజుల్లోపు బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. క్లెయిమ్ చేయనందుకు మీకు వచ్చిన రాయితీ మీదే, దాన్ని మీ తర్వాతి బండికి వాడుకోవచ్చు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు), గురువారం రాత్రి 10.10

అందరూ ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ముఖ్యంగా ఏడు రోడ్లు చెల్లెమ్మకు. మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె వెంటనే ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆదోని మాస్టారికి ఫోను చేసి మొత్తం చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘చెప్పినందుకు సంతోషం, కానీ మా నాన్నగారిని నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అనుమానం ఉన్న బండి వద్దు’ అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆదివారం రాక ఆగిపోయింది.

రేపు స్కానర్ పెట్టిస్తాను. పాత రెంచి గారూ, అమ్మేముందు నేనే ప్లగ్గు తీయించనా?

పాత రెంచి (అనంతపురం), శుక్రవారం ఉదయం 7.30

తీయించవచ్చు, కానీ విరిగితే ఖర్చు అప్పటికప్పుడు మీది. ఫీజు కట్టాల్సిన సమయంలో బండి హెడ్డు దించి షెడ్డులో పెట్టుకోవడం మంచిది కాదు. రోజూ రాత్రి నాలుగు చుక్కల స్ప్రే కొట్టి నానబెడుతూ ఉండండి, పానా పెట్టవద్దు. కొనేవారు ఒప్పుకుంటే వాళ్ల ఎదుటే ప్రయత్నించవచ్చు. గుంతలో నీళ్లు పడనివ్వకండి. వాటర్ సర్వీస్‌లో ఇంజను మీదకు గన్ను ఎత్తగానే ఆపించండి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు), తర్వాతి బుధవారం రాత్రి 8.20

బండి అమ్మేశాను. డోన్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు కిరాణా కొట్టు ఉంది. ప్రకటనలోనే ప్లగ్గు సంగతి రాశాను. ఆ వాక్యం చూసి మరో ముగ్గురు ఫోను కూడా చేసి ఉండరు. వీళ్లు మాత్రం అది చూసే వచ్చామన్నారు. స్కానర్‌లో పి 0303 వచ్చిన కాగితం చూపించాను. మా మెకానిక్‌తో ఫోనులో మాట్లాడించాను. కొండారెడ్డి బురుజు నుంచి ఓర్వకల్లు దాకా నడిపి చూశారు, ఏసీ వేసి నిలిపి ఆ వణుకు కూడా నేనే చూపించాను.

వాళ్లు 20 వేలు తగ్గించమన్నారు. వేరుశనగ చేను గారి లెక్క చెప్పాను. చివరికి 12 వేల దగ్గర కుదిరింది, 2,18,000. నల్లకోటు గారు చెప్పినట్టే కాగితం రాశాం. ‘మూడో సిలిండర్ స్పార్క్ ప్లగ్గు’ అన్న మాట కింద ఆవిడ తన పెన్నుతో గీత గీసి, పక్కన సంతకం పెట్టారు. ఫారాలు ఇద్దరం కలిసే ఇచ్చాం.

ఫీజుకు కొంచెం తక్కువ పడింది, అది సర్దుకున్నాం.

గడియార స్తంభం (అనంతపురం), బుధవారం రాత్రి 9.00

చాలా సంతోషం. ప్లగ్గు ఏమైందో తెలిస్తే తప్పకుండా రాయండి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు), మూడు వారాల తర్వాత, శనివారం మధ్యాహ్నం 12.40

ప్లగ్గు వచ్చింది! డోన్ ఆయనే ఫోటో పంపారు. వాళ్ల మెకానిక్ మూడు సాయంత్రాలు ఇంజనును గోరువెచ్చగా ఉంచి, స్ప్రే నానబెట్టి, ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీశాడట. విరగలేదు. కానీ కింది మూడు మరల్లో అల్యూమినియం అంటుకుని వచ్చింది. రంధ్రంలో మర బలహీనపడిందని హెలికాయిల్ వేయించారు. హెడ్డు దించలేదు. అంతా కలిపి 4,300 అయిందని చెప్పారు.

ఫోటోలో ప్లగ్గు పై అంచు ఎర్రగా తుప్పు పట్టి ఉంది, దాని కింద తెల్లటి పొర, అట్టడుగున నల్లటి మసి. ఉంగరం లాంటి వాషరు ఒక వైపే అణిగి ఉంది. ఎందుకలా ఉంటుంది?

ఇంకొకటి చెప్పాలి. 12 వేలు తగ్గించాను, వాళ్లకు 4,300 అయింది. వాళ్లేమైనా ఇస్తామన్నా తీసుకోను, బేరం అయిపోయింది. మా ఆవిడ కూడా అదే అంది.

పాత రెంచి (అనంతపురం), శనివారం సాయంత్రం 5.50

చాలా మంచి కబురు. ఆ మెకానిక్‌కు నా తరఫున నమస్కారం చెప్పండి.

వాషరు ఒక వైపే అణిగిందంటే 2018లో బిగించినప్పుడే ప్లగ్గు కింద మట్టి రేణువు ఏదో ఉండిపోయింది, సరిగ్గా కూర్చోలేదు. ఆ సందులో నుంచి లోపలి మంట వాయువు కొద్దికొద్దిగా మరల్లోకి ఎక్కి మసి పట్టించింది. పై నుంచి మీ నీళ్లు. రెండు వైపుల నుంచీ పట్టుకుంది. తప్పంతా వాటర్ సర్వీస్‌దే అని నేను ముందు అన్నది సగమే నిజం.

వాళ్లకు ఒక మాట చేరవేయండి. కొత్త ప్లగ్గు మరలకు గ్రీజు గానీ ఆయిల్ గానీ పూయవద్దు. పూస్తే చేతికి తెలియకుండా ఎక్కువ బిగుసుకుంటుంది. 14 మిల్లీమీటర్ల మర, వాషరు ఉన్న ప్లగ్గు, అల్యూమినియం హెడ్డు అయితే బిగింపు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. బిగింపు కొలిచే టార్క్ రెంచి లేకపోతే వేళ్లతో చివరిదాకా తిప్పి, ఆ తర్వాత పానాతో అర చుట్టు, అంతే. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆ మూడో గుంతలో ఒకసారి టార్చి వేసి చూడమనండి. అంచున నల్లటి మరక కనిపిస్తే వాయువు లీకవుతోందని అర్థం.

ఏడు రోడ్లు (కడప), శనివారం రాత్రి 8.05

అన్నా, ఆ కాగితం మీద ఆవిడ గీత గీసిందని రాశారు చూడండి, అది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. మాకు ఎవరైనా అలాంటి కాగితం ఇచ్చి ఉంటే మేమూ కొనేవాళ్లమే.

హంద్రీ ఒడ్డు (కర్నూలు), సోమవారం ఉదయం 10.15

టార్చి సంగతి, బిగింపు సంగతి డోన్ వాళ్లకు చేరవేశాను. ఆర్‌సీ వాళ్ల పేరుకు మారిందని ఈ ఉదయం ఫోనుకు సందేశం వచ్చింది. బీమా కూడా మార్చుకున్నారట. వచ్చే నెల పిల్లలతో తిరుపతి వెళ్తున్నామని చెప్పారు. వెళ్లే ముందు ఆ మూడో గుంత ఒకసారి చూసుకోమని మళ్లీ చెప్పాను.